యూజరు పిన్ని

మనవాడికి డిజైన్‌లో మాస్టర్స్ చెయ్యాలన్న కోరిక పుట్టింది కళ మీద ప్రేమతో కాదు, ఒక కుర్చీ మీద కోపంతో.

అతను పనిచేసే ప్యాకింగ్ కంపెనీలో డబ్బాల మీదా సీసాల మీదా బొమ్మలు గీసే విభాగం ఒకటి ఉంది. పళ్ళపొడి డబ్బా మీద నవ్వే పళ్ళూ, షాంపూ సీసా మీద ఎగిరే జుట్టూ మనవాడి చేతి చలవే. ఆ విభాగానికి పెద్దగా ఉన్నాయన రిటైరు కాగానే ఆయన గాజు గదీ, అందులో గిర్రున తిరిగే నల్ల కుర్చీ తనకే వస్తాయని మనవాడు ఏళ్ళ తరబడి ఆశ పెట్టుకున్నాడు. పెద్దాయన భోజనానికి వెళ్ళినప్పుడు ఒకసారి అందులో కూర్చుని, కాళ్ళు నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకున్నాడు కూడా. తీరా ఆ రోజు వచ్చేసరికి అందులో ఇంకెవరో కొత్తాయన కూర్చుని గిర్రున తిరుగుతున్నాడు. ఆయనకి పళ్ళపొడి డబ్బాకీ బూటు పాలిష్ డబ్బాకీ తేడా తెలియదు గానీ, పేరు పక్కన మాస్టర్స్ ఉంది.

"డిగ్రీ లేనిదే ఆ పోస్టు ఇవ్వడానికి రూలు ఒప్పుకోదయ్యా. నువ్వూ చేసుకురా. ఈయన ఎలాగూ ఎక్కువ కాలం ఉండడు, అప్పుడు చూద్దాం" అన్నాడు మేనేజరు.

మనవాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట చల్లారకముందే డిజైన్ కాలేజీ అప్లికేషన్ నింపడానికి కూర్చున్నాడు.

పేరు, వయసు, చదువు దాకా బండి బాగానే నడిచింది. ఆ తర్వాతి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. 'ఎవరి బాధను చూసి మీరు డిజైనర్ కావాలనుకుంటున్నారు?' అని అడిగారు. మనవాడు నిజాయితీగానే ఆలోచించాడు. తన బాధ చూసే. కానీ ఆ ముక్క రాస్తే సీటు రాదని తెలుసుకునేపాటి లోకజ్ఞానం అతనికి ఉంది. అంతకుముందు సీట్లు కొట్టినవాళ్ళు ఏం రాశారో నెట్‌లో వెతికి చదివాడు. ప్రతివాళ్ళకీ ఒక తాతగారో, నానమ్మో, పక్కింటి ముసలాయనో ఉన్నారు. అందరూ ఏదో ఒకటి చెయ్యలేక కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ళని చూసి వీళ్ళకి కన్నీళ్ళు వచ్చాయి. కన్నీళ్ళలోంచి ఐడియాలు వచ్చాయి.

మనవాడికి ఉన్నదల్లా పిన్ని. తల్లికి చెల్లెలు. ఊహ తెలియకముందే తల్లి పోయి, తండ్రి ఇంకో సంసారం చూసుకుంటే, తన పెళ్ళి మాట పక్కన పెట్టి వీణ్ణి చంకనేసుకున్న మనిషి. బస్‌స్టేషన్‌లో అనౌన్సరుగా పనిచేసి రిటైరైంది. 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అని ఆవిడ మైకులో అంటే, బస్సెక్కబోతున్నవాడు కూడా ఒక కాలు కిందే ఉంచి వినేవాడు. ఆ గొంతు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఒంట్లో నలత అన్నది ఎరగదు. సీసా మూత బిగుసుకుపోతే తలుపు సందులో పెట్టి ఒక్క తిప్పు తిప్పుతుంది. మూత మారు మాట్లాడకుండా ఊడి వస్తుంది.

ఇలాంటి మనిషికి బాధ ఎక్కణ్ణుంచి తెచ్చేది? మనవాడు కాసేపు పెన్ను కొరికాడు. తర్వాత ఇలా రాశాడు: 'నన్ను పెంచి పెద్దచేసిన చేతులు ఈ రోజు వణుకుతున్నాయి. ఒక చిన్న సీసా మూత తియ్యలేక ఆ తల్లి నిస్సహాయంగా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోతుంది.' రాసింది చదువుకుని అతనే కళ్ళు తుడుచుకున్నాడు. పిన్నికి చెప్పాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ విభాగానికి అధిపతి. ప్రతి మూడో మాటకీ 'ఎంపతీ' అంటుంది కాబట్టి విద్యార్థులు ఆవిడకి ఎంపతీ మేడం అని పేరు పెట్టుకున్నారు. ఎంపతీ అంటే ఎదుటివాడి కష్టం మన కష్టంగా అనుకోవడమని ఆవిడ మనవాడికి చాలాసేపు వివరించింది. ఆ వివరించినంతసేపూ మనవాడు నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఆ మూత తియ్యలేనప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుంది?" అని అడిగింది మేడం.

"మాటల్లో చెప్పలేను మేడం" అన్నాడు మనవాడు. అది నిజమే. ఎప్పుడైనా చూస్తే కదా చెప్పడానికి.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పక్కనున్న ఇద్దరికీ కళ్ళజోళ్ళు లేవు కాబట్టి ముక్కులు తుడుచుకున్నారు. సీటు వచ్చేసింది.

మనవాడు ఉద్యోగం మానేసి కాలేజీ పక్కనే గది తీసుకున్నాడు. పిన్ని ఇల్లు అదే ఊళ్ళో అవతలి కొసన ఉంది. రెండు బస్సులు మారాలి. "ఆదివారం ఆదివారం వస్తాలే పిన్నీ" అని చెప్పి, పెట్టె సర్దుకుని వెళ్ళాడు. ఆదివారాలు వాటి పాటికి అవి వచ్చి వెళ్ళిపోయాయి.

మొదటి ఏడాదంతా కుర్చీ అంటే ఏమిటో తెలుసుకోవడంతోనే సరిపోయింది. కుర్చీని చూసి కుర్చీ అనుకోకూడదట. కూర్చోవడం అనే అవసరాన్ని చూడాలట. అందుకని క్లాసులో కుర్చీలన్నీ తీయించేసి విద్యార్థులని నేల మీద కూర్చోబెట్టారు. అందరి నడుములూ పట్టేశాక, ఆ నొప్పిని పసుపుపచ్చ చీటీల మీద రాసి గోడకి అంటించమన్నారు. అలా అంటించినవాటిని ఇన్‌సైట్లు అంటారు. ఒక సాయంత్రం ఎవరో ఫ్యాను వేసేసరికి గోడ మీద ఇన్‌సైట్లన్నీ రాలి కింద పడ్డాయి. ఏది ఎక్కడిదో తెలియక ఎవరికి తోచినట్టు వాళ్ళు మళ్ళీ అంటించేశారు. మర్నాడు మేడం వచ్చి, గోడకేసి తదేకంగా చూసి, "ఇప్పుడు వచ్చింది లోతు" అంది. ఆ మాట ఆరుగురూ రాసుకున్నారు. ఆ ఏడు బ్యాచ్‌లో ఉన్నది ఆరుగురే.

కుర్చీ కోసం చదువుకి వచ్చినవాడు ఏడాదిపాటు నేల మీద కూర్చోవాల్సి రావడం మనవాడికి మింగుడు పడలేదు. అయినా పళ్ళ బిగువున కూర్చున్నాడు. డిగ్రీ లేకపోతే ఆ గాజు గది లేదు. ఆ గాజు గది లేకపోతే పళ్ళపొడి డబ్బా దగ్గరే జీవితం తెల్లారిపోతుంది. అతనికి తెలిసిందల్లా అదొక్కటే.

రెండో ఏడు థీసిస్. థీసిస్ అంటే ముందు ఒక యూజరు కావాలి. యూజరు అంటే వస్తువు వాడే మనిషి. కానీ ఆ కాలేజీలో మామూలుగా వస్తువులు వాడుకునేవాళ్ళని యూజర్లుగా లెక్కవెయ్యరు. వాడలేక అవస్థ పడేవాళ్ళే కావాలి. ఆ యూజరుని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పక్కకి చూస్తుండగా ఫొటో తియ్యడం అక్కడి ఆనవాయితీ. ఆ ఫొటో లేకుండా థీసిస్ ముందుకి కదలదు.

మిగతా అయిదుగురూ యూజర్ల కోసం వీధిలోకి వెళ్ళారు. పార్కు బెంచీ మీద కూర్చున్న పెద్దాయన్ని పట్టుకుని "మీ జీవితంలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏంటండీ?" అని అడిగితే, "నువ్వే" అని లేచి వెళ్ళిపోయాడాయన. మందుల షాపు ముందు క్యూలో ఉన్నవాళ్ళు, వీళ్ళేదో అమ్మడానికి వచ్చారనుకుని మొహం తిప్పుకున్నారు. మొహాలు వేలాడేసుకుని తిరిగి వచ్చారు.

మనవాడికి ఆ బెంగ లేదు. సొంత యూజరు ఉంది. కెమెరా పట్టుకుని ఆ వారమే పిన్ని ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన పిన్ని వీణ్ణి చూసి, "ఒరే చంటీ, దారి తప్పి వచ్చావా ఏంటి?" అంది. ముప్ఫై దాటినా ఆవిడకి వీడు చంటిగాడే.

మనవాడు నసుగుతూ సంగతి చెప్పాడు. అప్లికేషన్‌లో ఏం రాశాడో అప్పుడే మొదటిసారి చెప్పాడు. పిన్ని కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ పమిటతో మొహం తుడుచుకుని కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది.

"అయితే చేతులు వణకాలి. ఎంత వణకాలి?"

"మామూలుగా."

"మామూలుగా అయితే నాకు వణకవురా. సరిగ్గా చెప్పు. కొంచెం వణకాలా, సీసా కింద పడాలా?"

"కింద పడితే ఇంకా బాగుంటుంది పిన్నీ."

పిన్ని సీసా చేత్తో పట్టుకుంది. జీవితమంతా ఎవరికీ కనబడకుండా మైకు వెనకాల బతికిన మనిషికి, ఇన్నాళ్ళకి కెమెరా ముందు కూర్చునే అవకాశం వచ్చింది. వేళ్ళు సన్నగా వణికాయి. పెదవి బిగించింది. మూత మీద చెయ్యి జారింది. సీసా దొర్లి నేల మీద పడింది. పిన్ని దాన్ని తియ్యబోయి, తియ్యలేక, నెమ్మదిగా తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది. కెమెరా వెనకాల మనవాడికి ఒళ్ళు జలదరించింది.

"ఎలా ఉంది?" అంది పిన్ని, వంగి సీసా తీసి మూత టక్కున బిగిస్తూ.

"అదిరింది పిన్నీ!"

"అయితే భోంచేసి వెళ్ళు. వంట అయిపోయింది."

"లేదు పిన్నీ, ఎడిటింగ్ ఉంది" అని మనవాడు కెమెరా సర్దుకున్నాడు. వచ్చిన పని అయిపోయింది కదా.

ఆ వీడియో క్లాసులో వేస్తే ఎంపతీ మేడం రెండుసార్లు చూసింది. మిగతావాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూశారు. ఆ సాయంత్రమే ఒకతను మనవాడి గదికి వచ్చి, గొడుగు అడిగినట్టు, "మీ పిన్నిగార్ని ఒక్కసారి ఇప్పిస్తారా?" అని అడిగాడు. అతని థీసిస్ మోకాళ్ళ మీద. కూర్చున్న మనిషిని లేపే బల్ల ఒకటి చేస్తున్నాడట, లేవలేని మనిషి మాత్రం దొరకలేదట.

మనవాడు ఫోన్ చేశాడు. "పంపించరా, దానిదేముంది?" అంది పిన్ని. "మోకాళ్ళు ఒకటేనా, రెండూనా?"

అక్కణ్ణుంచి పిన్నికి తీరిక లేదు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు. ఒకరికి మతిమరుపు, మందు వేసుకోమని పాట పాడే డబ్బా కోసం. ఒకరికి చూపు ఆనకపోవడం. ఇంకొకరికి రోడ్డు దాటాలంటే భయం. ప్రతి ఒక్కళ్ళూ ఒక శాలువా తెచ్చి కప్పారు, ఒక కళ్ళజోడు తెచ్చి పెట్టారు. పిన్ని వచ్చినవాళ్ళకల్లా టీ పెట్టి, "మీకేం కావాలమ్మా?" అని అడిగి, అడిగిన బాధ అడిగినట్టు పడింది. మతిమరుపు థీసిస్ చేసేవాడికైతే వాడి పేరే మర్చిపోయి చూపించింది. వాడు ఆనందం పట్టలేకపోయాడు. మనవాడు మటుకు ఆ ఇంటి ఛాయలకి పోలేదు. అందరూ వెళ్తూనే ఉన్నారు కదా, ఇంకా తనెందుకు అనుకున్నాడు. మనిషి సిగ్గు విడిచాక ఎంత హాయిగా ఉంటాడో మనవాణ్ణి చూస్తే తెలిసేది.

ఆరో విద్యార్థిని రికార్డరు పిల్ల. మాట్లాడేది తక్కువ, మెడలో ఎప్పుడూ చిన్న రికార్డరు వేలాడేది. ఒంటరిగా ఉండే మనుషుల ఇళ్ళలో చప్పుళ్ళ మీద ఆ అమ్మాయి థీసిస్. పిన్ని అడ్రసు తీసుకున్నప్పుడు "ఏం జబ్బు కావాలో చెప్పు, ముందే చెప్పి ఉంచుతాను" అన్నాడు మనవాడు. "ఏం వద్దు" అందా పిల్ల. మిగతావాళ్ళు ఒక్కసారి వెళ్ళి ఫొటో తీసుకుని చేతులు దులుపుకుంటే, ఈ పిల్ల మాటిమాటికీ వెళ్ళింది.

ఒకరోజు క్యాంటీన్‌లో ఎదురుపడి, "మీ పిన్నిగారు మిమ్మల్ని అడిగారు" అంది.

"ఏమని?"

"వస్తాడా అని."

"జూరీ అయిపోగానే వెళ్తాను. ఊపిరి సలపట్లేదు" అన్నాడు మనవాడు. జూరీ అంటే థీసిస్‌లకి మార్కులు వేసే ఆఖరి పరీక్ష. ఆ పిల్ల చెప్పాల్సింది చెప్పేసినట్టు టీ తాగి వెళ్ళిపోయింది.

నిజానికి పిన్ని కూడా ఫోన్ చేసి అడిగింది. "జూరీ అంటున్నారు కదరా పిల్లలు. నేను కూడా రావాలా? మంచి చీర తీసి పెట్టుకోనా?"

"వద్దు పిన్నీ. జూరీకి యూజర్లు రారు."

"ఓహో" అంది పిన్ని. "అలాగా. సరే అయితే."

జూరీ రోజు హాలంతా తెల్ల దీపాలు, తెల్ల బల్లలు. బల్లకొక వస్తువు, వెనకాల నిలువెత్తు పోస్టరు. మనవాడు చేసింది ఒక మూత. మోచేత్తో నొక్కితే తెరుచుకుంటుంది. సీసా కంటే మూతే పెద్దది. దానికి 'ఆసరా' అని పేరు పెట్టాడు. అలాంటిదే ఇంకొకటి పిన్నికి కానుకగా పంపాడు కూడా, రికార్డరు పిల్ల చేతికిచ్చి.

బయటి ఎగ్జామినరు ఎక్కడో పెద్ద విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల ఫ్రేము కళ్ళజోడు. డిజైన్‌లో పైకి వెళ్ళేకొద్దీ మనిషికి రంగులు తగ్గిపోతాయి కాబోలు. ఆయన పక్కన ఎంపతీ మేడం, వెనకాల ఆరుగురు విద్యార్థులు నడిచారు.

మొదటి బల్ల మనవాడిది. ఎగ్జామినరు వీడియో చూసి, మూతని మోచేత్తో మూడుసార్లు నొక్కి, "చేతుల వణుకుని బాగా పట్టుకున్నావు" అన్నాడు. మనవాడికి గాజు గది తలుపు కళ్ళ ముందు తెరుచుకుంది. రెండో బల్ల దగ్గర ఎరుపు శాలువాలో మోకాళ్ళు. మూడో దగ్గర బూడిద రంగు శాలువాలో మతిమరుపు. నాలుగో బల్ల దగ్గర మందపాటి కళ్ళజోడులో చూపు ఆనకపోవడం. అక్కడ ఆయన ఆగిపోయాడు.

"ఈవిణ్ణి ఎక్కడో చూశాను" అన్నాడు.

వెనక్కి నడిచి మూడో పోస్టరు చూశాడు. రెండోది చూశాడు. మొదటిది చూశాడు. ముందుకి వచ్చి అయిదోది చూశాడు. అందులో పిన్ని గొడుగు పట్టుకుని రోడ్డుకేసి బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

"ఆవిడే ఈవిడ. అందరూ ఆవిడే!"

అయిదుగురూ తమ బూట్లని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. ఎంపతీ మేడం మాత్రం తొణకలేదు. ఆవిడకి ఆ పదవి ఊరికే రాలేదు.

"మీరు గమనిస్తారో లేదో అని చూస్తున్నాం సార్" అంది చిరునవ్వుతో. "అందరూ వందమంది యూజర్లని పైపైన చూస్తారు. మేం ఒకే యూజరుని అయిదు వైపుల నుంచి చూశాం. దీన్ని మేం ఏక యూజర్ పద్ధతి అంటాం."

ఆ పద్ధతి వయసు అప్పటికి అర నిమిషం. ఎగ్జామినరు కళ్ళు మెరిశాయి. టాబ్లెట్ తీసి పేరు రాసుకున్నాడు. "అద్భుతం. మా దగ్గర కూడా పెట్టాలి దీన్ని. కానీ పాపం, ఒక్క మనిషికి ఇన్ని బాధలా! ఎలా బతుకుతోంది?"

"మా విద్యార్థుల డిజైన్ల వల్లే సార్" అంది మేడం.

అయిదుగురూ ఊపిరి పీల్చుకున్నారు. గట్టెక్కేశాం అనుకున్నారు. చివరగా మిగిలింది రికార్డరు పిల్ల.

ఆ పిల్ల దగ్గర పోస్టరు లేదు, వస్తువు లేదు. మూలన నల్ల గుడ్డతో చిన్న డేరా, దాంట్లో ఒక కుర్చీ, ఒక స్పీకరు. ఎగ్జామినరు లోపల కూర్చున్నాడు. మిగతావాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఆ పిల్ల మీట నొక్కింది.

కాసేపు ఏమీ లేదు. కుళాయి చుక్కలు, గోడ గడియారం, ఎక్కడో పక్కింటి తలుపు. తర్వాత హాలంతా ఆ గొంతు నిండింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. వంటింటి నుంచి ముందుగదికి వెళ్ళవలసిన భోజనం మరికొద్దిసేపట్లో బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. తినవలసినవారు వెంటనే రావలసిందిగా కోరుతున్నాం."

తర్వాత నిశ్శబ్దం. ఎవరైనా వస్తారేమోనని ఆగినంత నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక్క కంచం బల్ల మీద పెట్టిన చప్పుడు. మళ్ళీ అదే గొంతు, ఈసారి మామూలుగా మాట్లాడుతూ.

"రోజూ చెప్తానమ్మా. ఎవరూ రారని తెలుసు. ఊరికే. గొంతు ఉందో పోయిందో చూసుకోవాలి కదా... నాకా? నాకేం జబ్బు లేదు. ఆ మాట వాళ్ళతో అనకు. పాపం ఆ పిల్లలకి ఏదో ఒక జబ్బు ఉంటేనే పని. మొన్న ఒకమ్మాయి లేచి వెళ్తూ, ఇంకేమైనా ఇబ్బంది ఉందా ఆంటీ అంది. ఉందన్నాను. లేదంటే మళ్ళీ రాదు కదా... మావాడా? వాడికి బోలెడు పనమ్మా. వాడు నా గురించే చదువుతున్నాడు."

స్పీకరు ఆగింది. మనవాడికి చెవులు గింగురుమన్నాయి. సిగ్గు అంటారే, విడిచేసి హాయిగా ఉన్నాననుకున్నది, అది అంతా కలిసి ఒక్కసారి తిరిగి వచ్చింది.

ఎగ్జామినరు డేరాలోంచి బయటికి వచ్చి పెదవి విరిచాడు.

"ఇది నటన."

"కాదు సార్" అంది రికార్డరు పిల్ల.

"నాకు తెలియదా? ఎంతమంది యూజర్లని చూశాను! యూజర్లు ఇలా మాట్లాడరు. ఇవి ఎవరో రాసిచ్చిన డైలాగులు. పైగా ఈవిడ ఏ జబ్బూ లేదంటోంది. అక్కడ చూస్తే అయిదు బల్లలు సాక్ష్యం చెబుతున్నాయి. అయిదుగురూ అబద్ధమాడి, నువ్వొక్కదానివే నిజం చెబుతున్నావా? ఇలాంటిది పాస్ చెయ్యడం కుదరదు."

"ఆవిడ నిజమే చెప్పారు సార్."

"ఈవిణ్ణి స్వయంగా ఎరిగినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

రికార్డరు పిల్ల మనవాడికేసి చూడలేదు. చూసినా బాగుండేది, ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. నోరు మూసుకుని ఇంకొక్క నిమిషం నిలబడితే చాలు, డిగ్రీ తనది, కుర్చీ తనది. మనవాడు నిలబడ్డాడు. పెదవులు గట్టిగా బిగించాడు. 'వాడు నా గురించే చదువుతున్నాడు' అన్న మాట మైకులో అన్నట్టు మళ్ళీ వినబడింది.

"మా పిన్ని సార్" అన్నాడు.

మేడం గిరుక్కున తిరిగింది.

"ఆ పిల్ల దగ్గర ఉన్నదే నిజం సార్. పిన్ని ఇంట్లో ఒక్కత్తే ఉంటుంది. ఆవిడకి ఉన్న జబ్బు అదొక్కటే. అది నా వల్ల వచ్చింది."

"మరి ఆ చేతుల వణుకు?"

"వణకవు సార్. నేను వణకమంటే వణికింది."

ఎగ్జామినరు మిగతా నలుగురి సంగతి అడగలేదు. టాబ్లెట్‌లో పద్ధతి పేరు రాసేసుకున్నాడు మరి. అయిదింటిలో ఒకటి పోయినంతమాత్రాన పద్ధతి ఎందుకు పోతుంది? ఆ నలుగురూ మంచి మార్కులతో పాసయ్యారు. రికార్డరు పిల్ల కూడా పాసయింది గానీ, చేతికి అందే వస్తువేదీ తయారు చెయ్యలేదు కాబట్టి అత్తెసరు మార్కులు వేశారు. నిజం చెప్పినందుకు ఫెయిలైనవాడు మనవాడు ఒక్కడే.

"నీకు యూజరు మీద ఎంపతీ ఉందో లేదో నాకు తెలియదు" అంది మేడం, తన గదిలోకి పిలిచి. "మా డిపార్ట్‌మెంటు మీద మాత్రం లేదు." తర్వాత శిక్ష చెప్పింది. ఇంకో ఆరు నెలలు. థీసిస్ మళ్ళీ మొదట్నుంచి. ఈసారి ఎవరూ వేలెత్తి చూపకుండా, అదే యూజరు ఇంట్లోనే మకాం పెట్టి, యూజరుతో కలిసి తింటూ, ఉంటూ పరిశీలన చెయ్యాలి. చెప్పినంతసేపూ మనవాడు నిలబడే ఉన్నాడు.

డిగ్రీ సంగతి ఇక్కడే తేల్చేస్తాను, మళ్ళీ దాని దాకా వెళ్ళే ఓపిక లేదు. ఆలస్యంగానైనా వచ్చింది. అది పట్టుకుని ప్యాకింగ్ కంపెనీకి వెళ్తే, గాజు గదిలో అప్పటికి పీహెచ్‌డీ చేసినాయన గిర్రున తిరుగుతున్నాడు. "రూలు మారిందయ్యా" అన్నాడు మేనేజరు. మనవాడి పాత బల్ల మాత్రం ఖాళీగానే ఉందట, కావాలంటే రావచ్చట. ఇలాగే జరుగుతుందని మొదటి రోజే ఎవరైనా చెప్పగలిగేవారు. చెప్పాల్సింది ఆ ఆరు నెలల్లో మొదటి రోజు గురించి.

మధ్యాహ్నం భోజనాల వేళకి మనవాడు రెండు బస్సులు మారి, పెట్టె మోసుకుంటూ పిన్ని ఇంటికి చేరాడు. మెట్ల మీదే ఆ గొంతు వినబడింది. 'తినవలసినవారు వెంటనే' దాకా వచ్చిన అనౌన్స్‌మెంటు, వీడు తలుపు కొట్టేసరికి ఠక్కున ఆగిపోయింది.

పిన్ని తలుపు తీసింది. గుమ్మం పక్క స్టూలు మీద మనవాడి 'ఆసరా' మూత వెల్లకిలా పెట్టి ఉంది, అందులో తాళంచేతులు పడేసి ఉన్నాయి. ఆవిడ వీణ్ణి చూసింది, పెట్టెని చూసింది.

"ఈసారి ఏం జబ్బురా చంటీ?" అంది. అంటూనే కుడిచెయ్యి వణికించడం మొదలుపెట్టింది. "ఇదేనా, ఇంకేమన్నానా? ఉండు, కిటికీ దగ్గరికి వస్తాను."

"ఏమీ వద్దు పిన్నీ" అన్నాడు మనవాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇక్కడే ఉంటాను. ఆరు నెలలు."

పిన్ని మొహం ఎలా ఉంటుందని ఇంటర్వ్యూలో మేడం అడిగితే మనవాడు చెప్పలేకపోయాడు. ఇప్పుడు చూశాడు. కళ్ళు, బుగ్గలు, నుదురు, అన్నీ కలిసి ఒక్కసారి నవ్వాయి. పసిపిల్లలా అయిపోయింది ఆవిడ.

"నిజంగానా? నీకే అనిపించిందా?" అంది.

ఇన్నాళ్ళూ ఎంత సులువుగా అబద్ధాలు ఆడాడో మనవాడికి అప్పుడు గుర్తొచ్చింది. ఇంకొక్కటి ఆడితే సరిపోయేది. అది కూడా ఆవిడ సంతోషం కోసమే. కానీ జూరీ హాల్లో నిజం చెప్పిన నోటికి మళ్ళీ అబద్ధం రాలేదు.

"లేదు పిన్నీ. కాలేజీ వాళ్ళు ఉండమన్నారు."

పిన్ని చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. నవ్వు చెరిగిపోలేదు గానీ, ఉన్నచోటే చల్లారిపోయింది.

"ఓహో" అంది. "వాళ్ళు పంపితే వచ్చావన్నమాట."

ఎన్నో ఏళ్ళపాటు బస్సులు ఆలస్యమని, రద్దయ్యాయని చెప్పిన గొంతు అది. ఎక్కడా తొణకలేదు. ఆవిడ వెనుదిరిగి వంటింట్లోకి వెళ్ళింది. మనవాడు పెట్టె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఈసారి ఎవరూ అనలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు.